పెంగ్విన్ల దగ్గర మనకేం పని?

చెన్నై వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ కింద సాయంత్రాలు నలుగురైదుగురం తెలుగువాళ్లం చేరతాం. మొన్న ఒంగోలు పెద్దాయన పేపరు మడుస్తూ అడిగారు: "ఏమయ్యా, ఇక్కడ కాలవలో పూడిక తీసే దిక్కు లేదు. మన పన్నులు పోసి అంటార్కిటికాలో పెంగ్విన్ల దగ్గర మనకేం పని?" ఆయన వెనక గోడ మీద 2015 డిసెంబరు వరదల నాటి నీటి చార, రెండుసార్లు సున్నం కొట్టినా, ఇంకా లీలగా కనబడుతోంది.

ఆయనకు అప్పుడు సగమే చెప్పగలిగాను. మిగతాది ఇది.

అంటార్కిటికా సంగతి అందరి ముందూ చర్చకు రావాలని 1956లోనే భారత్ ఐక్యరాజ్యసమితిని అడిగింది. ఫలితం లేదు. 1959లో 12 దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి, అందులో మనం లేం. ఆ ఒప్పందంలో ఒక మెలిక ఉంది. తర్వాత వచ్చినవాళ్లు సంతకం పెట్టొచ్చు గానీ, నిర్ణయాల్లో ఓటు కావాలంటే అక్కడ చెప్పుకోదగ్గ పరిశోధన చేస్తున్నట్టు చూపాలి. అంటే ఖర్చు పెట్టి, మనుషుల్ని పంపి, అక్కడ ఉండి చూపాలి. 1981 డిసెంబరు 6న సముద్ర శాస్త్రవేత్త ఖాసిం నాయకత్వంలో 21 మంది అద్దె ఓడలో గోవా నుంచి గుట్టుగా బయల్దేరి, జనవరి 9న మంచు మీద దిగారు. 1983 ఆగస్టులో మనం సంతకం చేస్తే, నెల తిరక్కుండా ఓటు వచ్చింది.

దేశానికి తలుపు తెరుచుకుంది సరే, దేశంలో ఎవరికి తెరుచుకుంది? మూడో యాత్రలోనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు, సుదీప్త సేన్‌గుప్తా, అదితి పంత్ వెళ్లారు.  కానీ 2016లో ఇస్రో నుంచి 56 ఏళ్ల మంగళా మణి అంటార్కిటికాలోని మన భారతి స్థావరానికి వెళ్లి 403 రోజులు ఉన్నప్పుడు, 23 మంది బృందంలో ఆవిడ ఒక్కరే మహిళ. మూడు దశాబ్దాల తర్వాత ఇదీ లెక్క! ఆవిడ పని ఉపగ్రహాల సమాచారం అందుకోవడం. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం మన నెత్తి మీదకు రోజుకు కొద్దిసార్లే వస్తుంది, అక్కడ మాత్రం దాదాపు ప్రతి చుట్టులోనూ చిక్కుతుంది. ఆ సమాచారమంతా హైదరాబాదు దగ్గర షాద్‌నగర్‌లోని ఇస్రో కేంద్రానికే చేరుతుంది.

ఇక మా ఇంటికి దగ్గర్లో, తాంబరం రోడ్డు మీద పళ్లికరణైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఉంది. ఉత్తర ధ్రువానికి 1,200 కిలోమీటర్ల దూరంలో, నార్వే వాళ్ల ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నీళ్లలో 2014లో దించిన ఇండార్క్ అనే కొలత పరికరం ఈ సంస్థలో తయారైందే. గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం, హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ కూడా చేయి వేశాయి. అడుగున బరువు, పైన తేలుడు బుంగలు, మధ్య నిలువు తాడుకు వేర్వేరు లోతుల్లో కట్టిన సెన్సర్లు. నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహం నమోదు చేస్తాయి. అప్పుడప్పుడూ పైకి లాగాలి, బ్యాటరీలు మార్చాలి, మళ్లీ దించాలి. డబ్బు రాక ఒక ఏడాది మానేస్తే ఆ ఏడాది కొలత ఇక ఎప్పటికీ దొరకదు. లాభం చూసుకునే కంపెనీ ఇలాంటి పనికి ఎందుకు పెడుతుంది? 1978 చివరి నుంచి సముద్రపు మంచును తెగకుండా కొలుస్తున్న ఉపగ్రహ సమాచారాన్ని కూడా 2025లో అమెరికా ఆపేయబోయి, గగ్గోలు రేగాక గడువు పొడిగించింది. మన సంగతీ గొప్పగా లేదు. 2014లో 1,051 కోట్లతో మంజూరైన ధ్రువ పరిశోధన నౌక రానే లేదు. 2025 జూన్‌లో నార్వే కంపెనీతో మళ్లీ అవగాహన ఒప్పందం దగ్గరే మొదలుపెట్టారు.

పెద్దాయనకు చివరికి నీళ్ల గురించే చెప్పాను. పళ్లికరణై చిత్తడి నీరు ఒక్కియం మడువు అనే కాలవ మీదుగా బకింగ్‌హాం కాలవలో పడి, కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. సముద్రం ఎత్తుగా ఉంటే ఆ నీరు అంత త్వరగా దిగదు. పశ్చిమ అంటార్కిటికా మంచు తగ్గితే నీటిని తనవైపు లాగే దాని ఆకర్షణ కూడా తగ్గి, అక్కడి నీరు దూరంగా జరుగుతుంది, మన తీరాల్లో సగటు కంటే ఎక్కువే పెరుగుతుంది.

ఆయన చార వైపు ఒకసారి చూశారు. "సరేలే, రాయి. ఆ కాలవ పూడిక సంగతి కూడా రాయి."