మొరం మీద బంతి గుర్తు: టెన్నిస్‌లో క్రీడాస్ఫూర్తి వెనుక ఉన్న చరిత్ర

గత చలికాలం హనుమకొండలోని ఒక మొరం కోర్టులో పన్నెండేళ్లలోపు పిల్లల పోటీ జరుగుతుంటే కంచె పక్కన నిలబడి చూశాను. ఆ స్థాయి పోటీల తొలి రౌండ్లలో కుర్చీ మీద అంపైర్ ఉండడు, గీతల దగ్గర లైన్ జడ్జీలు ఉండరు. బంతి లోపల పడిందో బయట పడిందో ఎవరి వైపు వాళ్లే చెప్పాలి. ఒక పిల్లవాడు కొట్టిన బంతి పక్క గీత దగ్గర పడగానే అవతలివాడు వేలెత్తి ‘ఔట్’ అన్నాడు. కొట్టినవాడు నెట్ దాకా వచ్చి, ‘గీతకు తాకింది, సున్నం లేచింది, చూడు’ అన్నాడు. రెండోవాడు గుర్తు చూపించడానికి రెండడుగులు వేశాడు గానీ, కంచె ఇవతలి నుంచి వాళ్ల నాన్న ‘ఔటే, నువ్వు ఆడు’ అని కేక వేసేసరికి ఆగిపోయి, బూటు అడుగుతో ఆ గుర్తును రుద్దేసి తన చోటికి వెళ్లి నిలబడ్డాడు. పాయింటు ఎవరిదో అక్కడున్న పెద్దవాళ్లెవరూ తేల్చలేకపోయారు. చివరికి నిర్వాహకుల్లో ఒకరు వచ్చి ఆ పాయింటును మళ్లీ ఆడమన్నారు.

నిజానికి దీనికి స్పష్టమైన నియమం ఉంది. అంపైర్ లేని మ్యాచ్‌లో ఆటగాడు తన వైపు గీతలకు తానే బాధ్యుడు. ఖాయంగా బయట పడిందని చూస్తేనే ‘ఔట్’ అనాలి, ఏ కొంచెం అనుమానం ఉన్నా బంతి లోపల పడినట్టే. మట్టి కోర్టులో అవతలివాడు అడిగితే గుర్తు చూపించాలి, అతను నెట్ దాటి వచ్చి చూసుకోవచ్చు. గుర్తును చెరిపేసినవాడు ఆ పాయింటును వదులుకున్నట్టే లెక్క. అంటే ఆ రోజు ఆ పాయింటు, ఎవరు ఎంత అరిచినా, సున్నం లేచిందన్న పిల్లవాడిదే. ఈ నాలుగు ముక్కల నియమం వెనుక దాదాపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. టెన్నిస్‌లో ఆటగాళ్ల ప్రవర్తన గురించి జరిగిన గొడవల్లో ఎన్నో ‘బంతి ఎక్కడ పడిందో చెప్పే హక్కు ఎవరిది’ అన్న ప్రశ్న నుంచే పుట్టాయి.

పచ్చిక మీద ఆడే టెన్నిస్‌కు 1874లో ఇంగ్లండ్‌లో వాల్టర్ వింగ్‌ఫీల్డ్ పేటెంట్ తీసుకున్నాడు, 1877లో మొదటి వింబుల్డన్ జరిగింది. ఆడేవాళ్లు ఆట మీద బతకవలసిన అవసరం లేనివాళ్లు. అనుమానం వస్తే పాయింటు ఎదుటివాడికి ఇవ్వడం వాళ్ల మర్యాదలో భాగం. ఆ కాలాన్ని మరీ పొగడవలసిన పనేమీ లేదు, ఎందుకంటే రోజు కూలీ పోతే ఇల్లు గడవనివాడికి ఆ కోర్టులో అడుగుపెట్టే వీలే లేదు. మన దగ్గర కూడా ఈ ఆట చాలాకాలం అధికారుల క్లబ్బుల గోడల మధ్యనే ఉండిపోయింది. అయినా ఆ మర్యాదను ప్రాణంగా చూసుకున్నవాళ్లు ఉన్నారు. దేశాల జట్లు తలపడే డేవిస్ కప్‌లో, 1935లో అమెరికాతో జరిగిన ఇంటర్‌జోన్ ఫైనల్ డబుల్స్‌లో జర్మనీ గెలిచేసిందని అందరూ అనుకున్న పాయింటు వద్ద జర్మన్ ఆటగాడు గాట్‌ఫ్రీడ్ ఫాన్ క్రామ్ అంపైర్ దగ్గరికి వెళ్లి, బంతి తన రాకెట్ అంచుకు తగిలిందని, అది ఎవరూ గమనించలేదని చెప్పాడు. పాయింటు పోయింది, ఆ తర్వాత మ్యాచ్ కూడా పోయింది. అప్పటికి జర్మనీలో నాజీలు అధికారంలో ఉన్నారు, దేశం కోసం గెలవడం తప్ప మరో మాట వినే పరిస్థితి లేదు. ఆ రోజుల్లో అలా చెప్పడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు.

1968లో వృత్తి ఆటగాళ్లకు పెద్ద టోర్నీల తలుపులు తెరుచుకున్నాయి. ఆ ఏడాది వింబుల్డన్ పురుషుల విజేతకు ఇచ్చింది 2,000 పౌండ్లు. 2025లో అదే టైటిల్‌కు 30 లక్షల పౌండ్లు ఇచ్చారు. ఒక గీత దగ్గర పడిన బంతికి అంత విలువ పెరుగుతూ పోయినప్పుడు, పాత మర్యాద ఒక్కటే ఆటను కాపాడలేకపోయింది. 1970ల మధ్య నుంచి ప్రవర్తనా నియమావళి, జరిమానాలు, మ్యాచ్ నడుస్తుండగానే వేసే శిక్షలు ఒక్కొక్కటిగా వచ్చాయి. రూమేనియా ఆటగాడు ఇలీ నస్టాసీ అంపైర్లతో పెట్టుకున్న తగాదాలు వాటికి ఒక ముఖ్య కారణం.

హనుమకొండలో నేను చూసింది 1977లో యూఎస్ ఓపెన్ సెమీఫైనల్లోనే జరిగింది. అప్పట్లో ఆ టోర్నీని ఫారెస్ట్ హిల్స్‌లో మట్టి కోర్టుల మీద ఆడేవారు. జిమ్మీ కానర్స్ కొట్టిన బంతి గీత దగ్గర పడింది, ఇటలీ ఆటగాడు కొరాడో బారాజుట్టీ గుర్తు చూడమని అంపైర్‌ను అడుగుతున్నాడు. ఇంతలో కానర్స్ నెట్ పక్క నుంచి అవతలి వైపుకు పరుగెత్తి, అంపైర్ కుర్చీ దిగేలోపే ఆ గుర్తును చెరిపేశాడు. వేలమంది కళ్లముందు జరిగిన ఈ పనికి అతనికి ఏ నష్టమూ జరగలేదు, ఫైనల్‌కు వెళ్లాడు. గుర్తు చెరిపితే పాయింటు పోతుందన్న నియమం ఎంత అవసరమో ఈ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి.

రెండేళ్ల తర్వాత అదే టోర్నీలో నియమం ఉన్నా నిలబెట్టేవాడు లేకపోతే ఏమవుతుందో తెలిసింది. 1979లో జాన్ మెకెన్రోతో ఆడుతూ నస్టాసీ ఆటను పదే పదే ఆపుతుంటే, అంపైర్ ఫ్రాంక్ హామండ్ మొదట పాయింటు, తర్వాత గేమ్ కోత వేసి, చివరికి అతన్ని మ్యాచ్ నుంచి తప్పించాడు. ప్రేక్షకులు కప్పులు, డబ్బాలు విసిరారు, పోలీసులు కోర్టులోకి దిగారు. నిర్వాహకులు వెనక్కి తగ్గి, నస్టాసీని తిరిగి ఆడించి, నియమం ప్రకారం నడుచుకున్న హామండ్‌ను కుర్చీ నుంచి దించేశారు. నా దృష్టిలో ఆ రాత్రి జరిగిన పెద్ద తప్పు నస్టాసీది కాదు, నిర్వాహకులది. అంపైర్ మాటకు విలువ ఉండదని యువ ఆటగాళ్లంతా చూశారు. నెట్‌కు ఆవలి వైపు నిలబడి చూసినవాడు మెకెన్రోనే.

1981 వింబుల్డన్ తొలి రౌండ్‌లో అదే మెకెన్రో తన సర్వ్‌ను ఔట్ ఇచ్చినందుకు అంపైర్ ఎడ్వర్డ్ జేమ్స్ మీద విరుచుకుపడ్డాడు. బంతి గీతకు తగిలిందని, సున్నం లేచిందని అతని వాదన. మా పిల్లవాడి నోట వచ్చిన మాటే. తేడా అల్లా, మా వాడు గుర్తు చూపించమని అడిగి ఆగాడు. మెకెన్రోకు 1,500 డాలర్ల జరిమానా పడింది; టైటిల్ గెలిచినా, విజేతకు ఆనవాయితీగా ఇచ్చే సభ్యత్వాన్ని వింబుల్డన్ నడిపే క్లబ్బు ఆ ఏడాది ఇవ్వలేదు. అసలు శిక్ష 1990లో పడింది. ఆస్ట్రేలియన్ ఓపెన్ నాలుగో రౌండ్‌లో మికాయెల్ పెర్న్‌ఫోర్స్ మీద రెండు సెట్లు ఒకటి ఆధిక్యంలో ఉండగా, మొదట లైన్ జడ్జిని బెదిరించినట్టు నిలబడినందుకు హెచ్చరిక, తర్వాత రాకెట్ విరగ్గొట్టినందుకు పాయింటు కోత, చివరికి బూతులు తిట్టినందుకు అంపైర్ గెరీ ఆర్మ్‌స్ట్రాంగ్ అతన్ని మ్యాచ్ నుంచే తప్పించారు. అంతకుముందు హెచ్చరిక, పాయింటు, గేమ్, ఆ తర్వాతే తొలగింపు అని నాలుగు మెట్లు ఉండేవి. ఆ ఏడాదే వాటిని మూడుకు కుదించారు. ఆ మార్పు తనకు తెలియదని మెకెన్రో స్వయంగా ఒప్పుకున్నాడు. ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచిన ఆటగాడికే నియమం తెలియనప్పుడు, పన్నెండేళ్ల పిల్లవాడిని మాత్రం ఏమనగలం?

తర్వాతి దశాబ్దాల్లో శిక్షలు కఠినమయ్యాయి, జరిమానాలు పెరిగాయి. మనిషికి దెబ్బ తగిలితే ఉద్దేశంతో పనిలేదన్నది ఖాయమైంది. 2012లో లండన్ క్వీన్స్ క్లబ్ ఫైనల్లో డేవిడ్ నల్‌బాండియన్ తన్నిన ప్రకటన పెట్టె లైన్ జడ్జి కాలికి గాయం చేసింది. 2017లో పదిహేడేళ్ల డెనిస్ షపోవలోవ్ చిరాకుతో కొట్టిన బంతి అంపైర్ కంటికి తగిలి, డేవిస్ కప్ నిర్ణయాత్మక మ్యాచ్ కెనడా చేజారింది. 2020 యూఎస్ ఓపెన్‌లో నొవాక్ జొకోవిచ్ వెనక్కి కొట్టిన బంతి లైన్ జడ్జి గొంతుకు తగిలింది. ముగ్గురినీ అక్కడికక్కడే తప్పించారు. సెరీనా విలియమ్స్ విషయంలో మాత్రం వాదన ఇప్పటికీ తెగలేదు. 2018 యూఎస్ ఓపెన్ ఫైనల్లో కోచింగ్ అందుకున్నారని హెచ్చరిక, రాకెట్ విరగ్గొట్టినందుకు పాయింటు, అంపైర్‌ను దొంగ అన్నందుకు గేమ్ కోత వరుసగా పడ్డాయి. కోచ్ కూర్చున్న చోటు నుంచి సలహా ఇవ్వడాన్ని 2022 నుంచి పురుషుల పోటీల్లోనూ ప్రయోగాత్మకంగా అనుమతించారు. ఆ రోజు మొదటి హెచ్చరికకు కారణమైన పని ఇప్పుడు తప్పే కాదు.

మట్టి కోర్టుల కథ మాత్రం వేరే దారిలో నడిచింది. 1999 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో, అంపైర్ ఉండగానే, మార్టినా హింగిస్ గుర్తు చూడటానికి నెట్ దాటి స్టెఫీ గ్రాఫ్ వైపుకు వెళ్లి ఒక పాయింటు పోగొట్టుకున్నారు. అప్పటికి ఆమె ఒక సెట్ ముందున్నారు. ప్రేక్షకులు ఎదురుతిరిగారు, మ్యాచ్ చేజారింది, ఆమె ఏడుస్తూ కోర్టు దాటారు. 2023 జూలైలో బుడాపెస్ట్‌లో హంగరీ క్రీడాకారిణి అమరిస్సా తోత్, చైనాకు చెందిన ఝాంగ్ షువై వివాదం చేస్తున్న గుర్తును, ఆగమని ఆమె అడుగుతున్నా కాలితో చెరిపేసింది. ఝాంగ్ కన్నీళ్లతో మ్యాచ్ వదిలేసింది. అంపైర్ నిర్ణయం అప్పటికే వెలువడింది కాబట్టి తోత్‌కు పాయింటు పోలేదు గానీ, తోటి క్రీడాకారిణుల నుంచి వచ్చిన నిరసన తర్వాత ఆమె క్షమాపణ చెప్పింది.

ఇదే మట్టి మీద మరో రకం పనులూ జరిగాయి. 1982 ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్లో మ్యాచ్ పాయింటు (గెలిస్తే మ్యాచే ముగిసే పాయింటు) వద్ద హోసే లూయిస్ క్లెర్క్ కొట్టిన బంతిని ఔట్‌గా ప్రకటించగానే, పదిహేడేళ్ల మాట్స్ విలాండర్ అంపైర్ దగ్గరికి వెళ్లి, అది లోపల పడిందని, ఇలా గెలవడం తనకు ఇష్టం లేదని చెప్పి పాయింటు మళ్లీ ఆడించాడు. మళ్లీ ఆడి గెలిచాడు. 2005లో రోమ్‌లో ఆండీ రాడిక్ మ్యాచ్ పాయింటు వద్ద ఫెర్నాండో వెర్దాస్కో రెండో సర్వ్‌ను ఔట్ ఇస్తే, రాడిక్ గుర్తు చూసి అది లోపల పడిందన్నాడు. ఆ మ్యాచ్ అతను ఓడిపోయాడు. అంపైర్ చెప్పేశాడు కదా అని ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

2004 యూఎస్ ఓపెన్‌లో సెరీనా, జెన్నిఫర్ కాప్రియాటీ మ్యాచ్‌లో వచ్చిన తప్పుడు నిర్ణయాలు, బంతి ఎక్కడ పడిందో కెమెరాలతో లెక్కగట్టే యంత్రానికి దారి తీశాయి. 2006లో ఆటగాడు సవాలు చేసే పద్ధతి వచ్చింది, 2021 ఆస్ట్రేలియన్ ఓపెన్‌ను లైన్ జడ్జీలు లేకుండానే నడిపారు, 2025లో వింబుల్డన్ కూడా వాళ్లను పంపించేసింది. ఫ్రెంచ్ ఓపెన్ ఆ ఏడాది కూడా మనుషుల కళ్లనే నమ్మింది. యంత్రంతోనూ కలహం పూర్తిగా ఆగలేదు. 2025లో మాడ్రిడ్‌లో అలెగ్జాండర్ జ్వెరెవ్ యంత్రం చెప్పింది తప్పని మట్టి మీది గుర్తును ఫోన్‌తో ఫొటో తీసి హెచ్చరిక తెచ్చుకున్నాడు. అన్యాయం చాలా తగ్గిందన్నది నిజం, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ఫ్రెంచ్ ఓపెన్‌ను పక్కన పెడితే, రాడిక్ చేసిన పని ఇప్పుడు పెద్ద కోర్టుల మీద ఎవరూ చేయలేరు. గీత గురించి ఆటగాడిని అడిగేవారే లేరు.

అడిగేది మన దగ్గరే. సానియా మీర్జా 2005లో హైదరాబాద్‌లో టైటిల్ గెలిచాక మా వైపు కూడా పిల్లల చేతికి రాకెట్ ఇచ్చే తల్లిదండ్రులు కనిపించసాగారు. ఇవాళ కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కి సికింద్రాబాద్ పోటీలకు పిల్లలను తీసుకెళ్లేవాళ్లున్నారు. ప్రయాణానికి, రాకెట్లకు, కోచింగ్‌కు పెట్టిన ఖర్చంతా కంచె దగ్గర కేకగా మారుతుంది. ఆ తండ్రి మీద నాకు కోపం రాలేదు. ఆయనకు నియమం ఎవరూ చెప్పలేదు, ఆయన కొడుక్కీ చెప్పలేదు.

ఆ పోటీ ముగిసిన వారానికి అదే కోర్టులో కోచ్ పిల్లలందరినీ గీత దగ్గర గుండ్రంగా కూర్చోబెట్టారు. ఒక బంతిని గీత మీద, ఒకదాన్ని పక్కన, ఒకదాన్ని అంచు తాకేలా కొట్టించి, రాకెట్ పిడితో ప్రతి గుర్తు చుట్టూ సున్న చుట్టారు. గుర్తు కోడిగుడ్డు ఆకారంలో ఎందుకు ఉంటుందో, బంతి వచ్చిన వైపు మొన ఎక్కడుందో వేలితో చూపించారు. ఆ ఆకారంలో వెంట్రుక వాసి సున్నం గీతకు తగిలినా బంతి లోపలే అన్నారు. చెరిపినవాడిది పాయింటు పోతుందని కూడా చెప్పారు. అప్పటిదాకా తలవంచుకుని కూర్చున్న, ఆనాడు గుర్తు చెరిపిన పిల్లవాడు కాసేపాగి అడిగాడు: ‘అయితే ఆ రోజు పాయింట్ వానిదేనా సార్?’

‘వానిదే బిడ్డా’ అని కోచ్ తర్వాతి గుర్తు దగ్గరికి జరిగారు.