సైలెన్సర్ మారిస్తే ట్యూనింగ్ మార్చాలా?

తిరుపతిలో బండికి కొత్త సైలెన్సర్ బిగించుకున్న కుర్రాడికి రెండు రకాల సలహాలు దొరుకుతాయి. "ట్యూనింగ్ చేయించకపోతే ఇంజిన్ కాలిపోతుంది" అంటారొకరు. "ఏం అక్కర్లేదు, బిగించుకుని పో" అంటారింకొకరు. ట్యూనింగ్ అంటే ఇంజిన్‌లో గాలి, పెట్రోలు కలిసే పాళ్లను సరిచేయడం. ఇద్దరి మాటా కొన్ని బండ్ల విషయంలో నిజమే. ఏ బండికి ఏది నిజమో సైలెన్సర్ బ్రాండ్ చెప్పదు, దాని మోత అసలే చెప్పదు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఎంత మారింది, ఆ మార్పును బండి తనంతట తాను పసిగట్టగలదా, ఈ రెండే చూడాలి.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి పాలు పెరిగితే లీన్, పెట్రోలు పాలు పెరిగితే రిచ్ అంటారు మన మెకానిక్కులు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఈ నిష్పత్తిని కంపెనీలే 13కు అటూ ఇటూగా, అంటే కాస్త రిచ్‌గా ఉంచుతాయి. అప్పుడే బలం బాగా వస్తుంది, ఇంజిన్ లోపలి వేడీ అదుపులో ఉంటుంది. మన ఎండల్లో, ఫుల్ థ్రాటిల్‌లో చాలాసేపు లీన్‌గా నడిపితే పిస్టన్‌కు, వాల్వులకు నిజంగానే ముప్పు. ఆ భయం ఉట్టి పుకారు కాదు.

మరి సైలెన్సర్ గాలిని ఎలా మారుస్తుంది? ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే పొగ ఒక పీడన తరంగంగా పైపులో దూసుకుపోతుంది. పైపు ఒక్కసారిగా వెడల్పయ్యే చోట ఆ తరంగం అల్పపీడన తరంగంగా మారి వెనక్కి మళ్లుతుంది. గాలి లోపలికి వచ్చే వాల్వ్, పొగ బయటికి పోయే వాల్వ్ రెండూ కొద్దికొద్దిగా తెరిచి ఉండే క్షణానికి అది ఇంజిన్ దగ్గరికి చేరితే, సిలిండర్‌లో మిగిలిన పొగను బయటికి లాగి కొత్త గాలికి చోటిస్తుంది. ఇది ఏ ఆర్‌పీఎం దగ్గర కుదురుతుందో ఎక్కువగా నిర్ణయించేది ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చే బెండ్ పైపు పొడవు, వ్యాసం. అందుకే బెండ్ పైపును ముట్టుకోకుండా చివరి డబ్బా ఒక్కటే మార్చే స్లిప్-ఆన్‌తో గాలి మారేది కొద్దిగానే. వచ్చే పవరూ కొద్దిగానే. బరువు తగ్గడం మాత్రం చాలాసార్లు నిజం.

ఆ "కొద్దిగా" ఎంతో తెలియాలంటే తిరుమల కొండే మంచి కొలబద్ద. అలిపిరి నుంచి కొండపైకి సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కుతాం. అంత ఎత్తులో గాలి సాంద్రత దాదాపు 7 శాతం తగ్గుతుంది. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌లో, పెట్రోలు వచ్చే జెట్ రంధ్రం మాత్రం మారదు కాబట్టి మిశ్రమం మూడు నాలుగు శాతం రిచ్ అవుతుంది. పాత కార్బురేటర్ బండ్లు ఏ జెట్టూ మార్చకుండానే దశాబ్దాలుగా ఈ కొండ ఎక్కి దిగుతున్నాయి. కంపెనీ ట్యూనింగ్‌లో ఆ మాత్రం వెసులుబాటు ఉంటుంది. మామూలు స్లిప్-ఆన్ తెచ్చే మార్పు చాలావరకు ఆ వెసులుబాటులోనే సర్దుకుంటుంది.

అయితే కార్బురేటర్ బండి ఉన్నవాళ్లు ఒక విషయం గమనించాలి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఈ ఇంధనానికి కావాల్సిన నిష్పత్తి సుమారు 13.5కు దిగుతుంది. అంటే పాత పెట్రోలుకు సెట్ చేసిన జెట్‌తో బండి ఇప్పటికే కాస్త లీన్‌గా నడుస్తోంది. దానిమీద పొగను అడ్డు లేకుండా వదిలే ఫ్రీ సైలెన్సర్, ఆపైన ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ పెడితే మూడూ ఒకే వైపుకు లాగుతాయి. ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెబుతాను: మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, తక్కువ థ్రాటిల్‌లో మిశ్రమాన్ని సర్దే పైలట్ స్క్రూ సరిచేయించుకోండి. పెద్ద ఖర్చు కాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి వస్తున్న బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్ల కథ వేరు. వాటిలో దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. బెండ్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్, పులుసు రుచి చూసి ఉప్పు సరిచేసినట్టు, పొగను చూసి పెట్రోలు హెచ్చుతగ్గులు చెబుతూ ఉంటుంది. ఊళ్లో తిరిగేటప్పుడు, హైవే మీద నిలకడగా వెళ్లేటప్పుడు స్లిప్-ఆన్ వల్ల వచ్చిన చిన్న తేడాను ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్, ఇలాగే దిద్దుకుంటుంది. కానీ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే అది సెన్సర్ మాట పక్కనపెట్టి, తనలో ముందే రాసి ఉన్న పట్టిక ప్రకారం పెట్రోలు పోస్తుంది. ఆ పట్టిక పాత సైలెన్సర్‌ను చూసి రాసింది. బెండ్ పైపుతో సహా మొత్తం మార్చి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా తీసేసినవాళ్లకు రీమ్యాప్, అంటే ఆ పట్టికను తిరగరాయించడం, అవసరం వచ్చేది ఇక్కడే. పైగా కన్వర్టర్ తీసేసిన బండి ఊరి గాలిలోకి విషవాయువులను నేరుగా వదులుతుంది. ఏ రీమ్యాపూ దాన్ని బాగుచేయలేదు.

కొండ దిగేటప్పుడు వినిపించే టపటపల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చాలామందికి టెన్షన్ పెట్టేది అదే. తిరుమల నుంచి దిగేది 1944లో మొదలైన పాత ఘాట్ రోడ్డు మీదుగానే. మలుపు మలుపుకీ యాక్సిలరేటర్ మూసి, గేరు మీదే బండిని ఆపుకుంటూ వస్తాం. అప్పుడు సిలిండర్‌లో సరిగా మండని పెట్రోలు ఆవిరి సైలెన్సర్‌లోకి చేరి, అక్కడ తాజా గాలి తగిలితే పేలుతుంది. చాలా బండ్లలో పొగ శుభ్రపడటానికి ఎగ్జాస్ట్‌లోకి కావాలనే కొంత గాలి వదిలే ఏర్పాటు ఉంటుంది. కాబట్టి కొద్దిపాటి చప్పుడు కంపెనీ సైలెన్సర్‌తోనూ ఉండేదే; ఆ మందపాటి డబ్బాలో వినిపించేది కాదు, అంతే.

చప్పుడు ఎక్కువైతే మాత్రం రీమ్యాప్ జోలికి వెళ్లే ముందు జాయింట్ చూడండి. సైలెన్సర్ బెండ్ పైపు మీదికి ఎక్కే చోట, క్లాంప్ అంచున, సన్నని నల్లటి మసి చార కనిపిస్తే అక్కడ లీకు ఉన్నట్టే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చెయ్యి దగ్గరగా పెడితే గాలి పోటు తగులుతుంది. పొగ బయటికి తోసుకొచ్చే ఆ సందులోంచే, తరంగం వెనక్కి మళ్లినప్పుడు బయటి గాలి లోపలికి వస్తుంది. లీకు ఆక్సిజన్ సెన్సర్ దగ్గరలో ఉంటే ఇంకో చిక్కు: సెన్సర్ ఆ గాలిని చూసి బండి లీన్ అయిందనుకుంటుంది, ఈసీయూ అక్కర్లేని పెట్రోలు పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. ట్యూనింగ్ తేడా అనుకుని వేలు ఖర్చు పెట్టేది ఒక్కోసారి జాయింట్‌లో సందు మూసే చిన్న గాస్కెట్ కోసమే.

మోత విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. శబ్ద ప్రమాణాలు దాటిన బండికి మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు పడవచ్చు. ఆసుపత్రుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. రుయా ఆసుపత్రి ముందు నుంచి రాత్రిపూట వెళ్లేవాళ్లు సైలెన్సర్ చివర మోత తగ్గించే డీబీ కిల్లర్ తీయకుండా ఉంటే లోపలున్న రోగులకు అదే పెద్ద మేలు.

మొత్తం ఎగ్జాస్ట్ మార్చి రీమ్యాప్‌కు వెళితే, డైనో (బండిని నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద పరీక్షించి చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి. వాళ్లిచ్చే కాగితం మీద హార్స్‌పవర్ గీత ఒక్కటే ఉంటే సరిపోదు. కింది నుంచి పై ఆర్‌పీఎం దాకా గాలి-పెట్రోలు నిష్పత్తి గీత కూడా, ముందుదీ తర్వాతదీ, అడిగి తీసుకోండి. ఫుల్ థ్రాటిల్ దగ్గర ఆ నిష్పత్తి గీత ఎక్కడుందో చూశాకే డబ్బులివ్వండి.