ఇంటి సెక్యూరిటీ అలారం: అపోహలు - వాస్తవాలు

ఇళ్లకు దొంగల అలారం బిగించడం, సర్వీసు చేయడం నా పని. అలారం పనిచేయలేదని పిలిచిన చోట పరికరం చెడిపోవడం తక్కువే. ఎక్కువగా వాడకంలోనే తేడా ఉంటుంది. నేను తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: ఊరెళ్లేటప్పుడు ఆన్ చేస్తే చాలు.

ఇంట్లో అందరూ నిద్రపోతున్నప్పుడు కూడా దొంగలు పడతారు. సెన్సర్లన్నీ కలిసే, అలారాన్ని నడిపే పెట్టెను ప్యానెల్ అంటాం. దాదాపు ప్రతి ప్యానెల్‌లో హోమ్ లేదా స్టే అనే మోడ్ ఉంటుంది. అందులో తలుపుల, కిటికీల సెన్సర్లు మేలుకొని ఉంటాయి, ఇంట్లో కదలికను పట్టే మోషన్ సెన్సర్లు ఆగుతాయి. అర్ధరాత్రి మంచినీళ్లకు లేచినా మోగదు. ఈ ఒక్క బటన్ తెలియక రాత్రిపూట అలారం ఆఫ్‌లోనే ఉంచేవాళ్లు ఎంతోమంది.

అపోహ: ఊరికే మోగుతోందంటే సెన్సర్ పాడైనట్టే.

మోషన్ సెన్సర్ కెమెరా కాదు. మనిషి ఒంటి వేడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలితే గుర్తుపడుతుంది. దాని ముఖం మీదే బల్లి పాకినా, ఏసీ గాలికి కర్టెన్ ఊగినా, కిటికీలోంచి ఎండ నేరుగా పడినా పొరబడుతుంది. సెన్సర్ తుడిచి, చోటు మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. విసుగొచ్చి మొత్తం ఆఫ్ చేయకండి.

ఇంకో సంగతి మన ఎండాకాలానికి సంబంధించింది. మూసిన గది వేడి 37 డిగ్రీల దగ్గరకు చేరితే ఒంటి వేడికీ గది వేడికీ తేడా ఉండదు. అప్పుడు సెన్సర్ మనిషిని పట్టే దూరం తగ్గిపోతుంది. సెలవుల్లో ఇల్లు తాళం వేసి వెళ్లేదీ అప్పుడే. అందుకే మోషన్ సెన్సర్ ఒక్కటే నమ్ముకోవద్దని, తలుపు తెరిస్తే పట్టేసే అయస్కాంతం సెన్సర్లు తలుపులకు తప్పకుండా పెట్టించుకోమని చెబుతాను.

అపోహ: లోపల బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా ఢోకా లేదు.

చాలా ప్యానెళ్లలో ఉండే 12 వోల్టుల బ్యాటరీ సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లు వస్తుంది. వేడికి ఇంకా ముందే పోతుంది. నెలకోసారి ప్యానెల్‌కు కరెంటు ఆపి, పక్కింటివాళ్లకు చెప్పి సైరన్ మోగించి చూడండి. ప్యానెల్‌లో వేసిన సిమ్ రీఛార్జ్ గడువు ముగిస్తే మీ ఫోన్‌కు కాల్ రాదు. పాత 2జీ ప్యానెల్‌లో జియో సిమ్ పనిచేయదు. వైఫైతో నడిచేదైతే రౌటర్‌నూ ఇన్వర్టర్ లైన్‌కు కలపాలి.

ప్యానెల్ పాస్‌వర్డ్ 1234 అలాగే ఉంటే ఈరోజే మార్చండి.

అపోహ: మోగగానే వెళ్లి చూడాలి.

దయచేసి వెళ్లకండి. అలారం మీకు కబురు చెప్పడానికి, దొంగను బెదరగొట్టడానికి. అతనికి మిమ్మల్ని ఎదురు పంపడానికి కాదు. లోపల ఉంటే అందరూ ఒకే గదిలో చేరి గడియ పెట్టుకోండి, సైరన్ మోగనివ్వండి, 112కు ఫోన్ చేయండి. బయటి నుంచి వచ్చేసరికి తాళం పగిలి కనిపిస్తే లోపలికి అడుగు పెట్టకుండా దూరంగా నిలబడి ఫోన్ చేయండి. మీరు ఊళ్లో లేనప్పుడు పక్కింటి పెద్దాయనకు ఫోన్ చేసి ‘కాస్త లోపలికెళ్లి చూడండి అంకుల్’ అనడం అస్సలు మంచిది కాదు. ఆయన తన ఇంట్లోంచే చూసి చెబితే చాలు.

అపోహ: ఏ సైరన్ అయినా ఒకటే.

ఇప్పుడు చాలామంది పొగ, గ్యాస్ సెన్సర్లు కూడా అదే ప్యానెల్‌కు కలుపుతున్నారు. దొంగ వస్తే లోపల గడియ పెట్టుకోవాలి, పొగ వస్తే బయటికి పరుగెత్తాలి. రెండింటికీ ఒకే మోత పెడితే నిద్రమత్తులో ఏం చేయాలో తోచదు. వేర్వేరు మోతలు పెట్టమని బిగించేవాళ్లను అడగండి, ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ వినిపించండి. సిలిండర్ వంటగ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి దాని సెన్సర్ నేలకు దగ్గరగా ఉండాలి. అది మోగితే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, బయటికొచ్చాక 1906కు ఫోన్ చేయండి.

పొగ వస్తే బయటపడాలి కదా, అందుకే కొలాప్సబుల్ గేటుకు రాత్రి లోపలి నుంచి తాళం వేసే ఇళ్లలో తాళంచెవి ఎక్కడుందో అందరికీ తెలియాలి. బీరువాలో కాదు, కిటికీలోంచి బయటివాళ్లకు అందనంత దూరంలో, చీకట్లోనూ చేతికి దొరికే మేకుకు తగిలించండి.