కొత్త ముఖాలు, థియేటర్లో దొరికే రోజులు

పెద్ద హీరో లేకుండా సినిమా బ్లాక్‌బస్టర్ అవుతుందా అన్న చర్చ మనకు కొత్త కాదు. 2024 సంక్రాంతికి ‘హనుమాన్’ ఒక పెద్ద స్టార్ సినిమా వచ్చిన రోజునే వచ్చి నిలబడ్డాక అది మళ్లీ ఊపందుకుంది. ఈ మాట వచ్చినప్పుడు చాలామంది 2000లో కొత్తవాళ్లతో వచ్చిన ‘చిత్రం’ దాకా వెళ్లి ఆగిపోతారు. అసలు కథ అంతకు చాలా ముందు, చెన్నైలో కోడంబాక్కం, వడపళని చుట్టుపక్కల మొదలైంది. దశాబ్దాల పాటు తెలుగు సినిమా ఇక్కడే తయారైంది. హీరో పేరు చూసి డబ్బు పెట్టే అలవాటు కూడా ఇక్కడే ముదిరింది.

1951లో ‘పాతాళభైరవి’ వచ్చేనాటికి ఎన్.టి.రామారావు సినిమాల్లోకి వచ్చి రెండేళ్లే. విజయా సంస్థలో నెలజీతం మీద పనిచేస్తున్న కుర్ర నటుడు. మాంత్రికుడిగా వేసిన ఎస్.వి.రంగారావు అంతకుముందు హీరోగా చేసిన ‘వరూధిని’ ఆడలేదు. ఇద్దరిలో ఎవరి పేరు మీదా టికెట్లు తెగే పరిస్థితి లేదు. అయినా విజయా అధిపతులు నాగిరెడ్డి, చక్రపాణి అంత భారీ జానపదాన్ని వాళ్ల మీద ఎలా పెట్టగలిగారు? వడపళనిలో వాహినీ స్టూడియో వాళ్ల చేతిలో ఉంది. నటులు, సాంకేతిక నిపుణులు జీతానికి ఉన్నారు. ‘హీరో ఎవరు?’ అని బయటివాడు అడిగి అడ్వాన్సు ఇస్తే తప్ప షూటింగ్ మొదలుకాని అవస్థ లేదు. దర్శకుడు కె.వి.రెడ్డి కథకు ఎవరు సరిపోతారో చూసుకున్నారు. సినిమా పెద్ద హిట్. ఇప్పుడు ఆ స్టూడియో స్థలంలో మాల్, మల్టీప్లెక్స్ ఉన్నాయి.

ఆ స్టూడియో పద్ధతి పలచబడేకొద్దీ నిర్మాతలు పంపిణీదారుల అడ్వాన్సుల మీద, ఫైనాన్స్ మీద ఆధారపడ్డారు. కథ పేపరు మీద ఉంటుంది, పాటలు ఇంకా రికార్డు కాలేదు. డబ్బు ఇచ్చేవాడికి ముందుగా కనిపించే గ్యారంటీ హీరో ఒక్కడే. స్టార్ వ్యవస్థను నటుల అహంకారంగానో అభిమానుల పిచ్చిగానో చూడటం నాకు నచ్చదు. ముందు అది అప్పు పుట్టించే ఏర్పాటు.

దానికి ఎదురు వెళ్లినవాళ్లు ప్రతి తరంలోనూ ఉన్నారు. అక్కినేనితో ‘మూగమనసులు’ అంత హిట్ ఇచ్చిన ఆదుర్తి సుబ్బారావు, ఆ మరుసటి ఏడాదే, 1965లో, కొత్తవాళ్లతో ‘తేనెమనసులు’ తీశారు. కృష్ణ హీరోగా తెలిసింది ఆ సినిమాతోనే. మళ్లీ దాదాపు అదే బృందంతో తీసిన ‘కన్నెమనసులు’ అంతగా ఆడలేదు. అంటే కొత్తదనం ఒక్కటే ఎవరినీ గట్టెక్కించలేదు.

మరి గట్టెక్కించింది ఏమిటి? నాకు బాగా కనిపించేది ‘శంకరాభరణం’. 1980 ఫిబ్రవరిలో విడుదలైంది. జె.వి.సోమయాజులు నాటకరంగంలో పేరున్న మనిషి, ఉద్యోగం డిప్యూటీ కలెక్టర్. సినిమా ప్రేక్షకుడికి మాత్రం ఆ ముఖం దాదాపు కొత్త. నడివయసు హీరో, ఆయనకు డ్యూయెట్ లేదు, పైగా శాస్త్రీయ సంగీతం. కొనడానికి పంపిణీదారులు వెనకాడారంటే ఆశ్చర్యం లేదు. కానీ ఆయన వేసిన శంకరశాస్త్రి పాట అందుకోగానే వినిపించే గొంతు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యంది. స్వరాలు కె.వి.మహదేవన్‌వి. అప్పటికే ఇంటింటా రేడియోలో మోగుతున్న పేర్లవి. ముఖం కొత్తదైనా గొంతు మనదే. ‘తేనెమనసులు’కీ మహదేవనే. 1981లో ముచ్చెర్ల అరుణ, కార్తీక్‌లతో భారతీరాజా తీసిన ‘సీతాకోకచిలుక’కు ఇళయరాజా. మన దగ్గర కొత్త నటులకు స్టార్ లేని లోటు తీర్చింది చాలాసార్లు పాటే.

రెండోది, రోజులు. ‘శంకరాభరణం’ మొదటివారం పలచగా ఆడి, చూసినవాళ్లు చెప్పగా చెప్పగా పుంజుకుంది. అప్పట్లో ప్రింట్లు తక్కువ. ముందు పెద్ద ఊళ్లలో ఆడి, అదే రీలు డబ్బాలు తర్వాత చిన్న ఊళ్లకు వెళ్లేవి. ఆ లోపు టాక్ చేరడానికి తీరిక దొరికేది. 1978 నాటి బ్లాక్ అండ్ వైట్ ‘మరోచరిత్ర’లో సరిత పూర్తిగా కొత్తమ్మాయి. డబ్బింగ్ లేకుండా, తెలుగులోనే, చెన్నై మౌంట్ రోడ్డు సఫైర్ థియేటర్లో ఏడాదిన్నరకు పైగా ఆడింది. హీరో కమల్ హాసన్ ఇక్కడివాళ్లకు తెలిసినవాడే, అది కొంత కలిసొచ్చింది, నిజమే. అయినా భాష రానివాళ్లు అన్నాళ్లు చూశారంటే ఆ అమ్మాయి కళ్ల కోసం కూడా చూశారు.

ఇప్పుడు సినిమా శుక్రవారం వందల స్క్రీన్లలో పడి, సోమవారానికి తేలిపోతుంది. ఓపెనింగ్ తెచ్చేది పేరు. ఓటీటీ, శాటిలైట్ రేట్లూ చాలావరకు ఆ పేరు మీదే. ప్రేక్షకుడు కొత్తవాళ్లను కాదంటున్నాడని నేను నమ్మను. ‘హ్యాపీ డేస్’ని, ‘బేబీ’ని ఆదరించింది ఈ ప్రేక్షకుడే. ‘కాంతార’ కన్నడంలో టాక్ తెచ్చుకున్న రెండు వారాలకు తెలుగులో వచ్చింది. ఆ వ్యవధే దానికి ప్రచారమైంది. చిన్న సినిమాలు ఒకరోజు ముందే పెయిడ్ ప్రీమియర్లు వేసుకుంటున్నది కూడా ఆ టాక్ కోసమే.

చెన్నైలో ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. స్టార్ తెలుగు సినిమాకు ఇక్కడ షోలు బాగానే ఉంటాయి. కొత్తవాళ్ల సినిమాకు ఏ మల్టీప్లెక్స్‌లోనో ఒకటో రెండో దొరుకుతాయి, అవీ ఆఫీసు వేళల్లో. బాగుందని మనకు తెలిసి టికెట్ చూసేసరికి షో ఉండదు. చివరికి ఇంట్లో ఓటీటీలో చూస్తాం, మెచ్చుకుంటాం. ఆ మెప్పు వసూళ్ల లెక్కలో పడదు. తర్వాతి కొత్త కుర్రాడితో సినిమా తీయబోయే నిర్మాత బయ్యర్ ముందు కూర్చున్నప్పుడు చూపించాల్సింది ఆ లెక్కే.