సాక్షి, హతసాక్షి: గుండ్లకమ్మ పల్లెల్లో ఒక మాట వెనక కథ

ఒంగోలు దగ్గర ఒక పల్లెలో ఆదివారం ఆరాధన అయ్యాక చాపలు చుడుతుండగా, ఇంటర్ చదివే కుర్రాడొకడు సంఘకాపరిని అడిగాడు. "అయ్యగారూ, స్తెఫను గురించి చెప్పారు, పొలికార్పు గురించి చెప్పారు. మన జిల్లాలో విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షులెవరూ లేరా?" ఆయన వెంటనే ఒక పేరు చెప్పలేదు. చాప చుట్టడం ఆపి, "రాళ్ళు పడితేనే సాక్షా నాయనా? మీ తాతల తాతలు డప్పు పక్కన పెట్టినప్పుడు ఊరు ఏం చేసిందో ఇంట్లో ఎప్పుడైనా అడిగావా?" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. ఆ ప్రశ్న, ఈ ఎదురుప్రశ్న రెండూ చాలా పాతవి. వాటి వెనక ఏముందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మాట సంగతి. గ్రీకులో "మార్తుస్" అంటే కోర్టులో నిలబడి, చూసింది చూసినట్టు చెప్పే మనిషి. చావుతో ఆ మాటకు మొదట్లో సంబంధం లేదు. చెప్పిన మాట మీద నిలబడినందుకు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు కాబట్టి, తరవాత తరవాత ఆ అర్థం వచ్చి చేరింది. మన తెలుగు బైబిల్లో ఈ మార్పు కళ్ళకు కనిపిస్తుంది. అపొస్తలుల కార్యములలో పౌలు, రాళ్ళ దెబ్బలకు చనిపోయిన స్తెఫనును తలచుకునేటప్పుడు "నీ సాక్షియైన స్తెఫను" అంటాడు. అక్కడ "హత" లేదు. ప్రకటన గ్రంథం పదిహేడో అధ్యాయానికి వచ్చేసరికి అదే గ్రీకు మాటకు "హతసాక్షులు" అని పెట్టారు. చంపబడ్డవాళ్ళందరికీ ఆ మాట వాడాలనుకుంటే స్తెఫనుకే ముందు వాడి ఉండాలి. తెలుగు చేసినవాళ్ళు రెండు మాటలూ ఉంచారు, నాకు అది మంచి పనే అనిపిస్తుంది.

మా వైపు సమాధుల తోటల్లో ఎక్కువగా కనిపించే వాక్యం "మరణమువరకు నమ్మకముగా ఉండుము". సున్నం వేసిన సిలువ కింద నల్ల పెయింటుతో, చాలాసార్లు అక్షరదోషాలతోనే రాసి ఉంటుంది. కలరాతో పోయిన మనిషికీ అదే, తొంభై ఏళ్ళు బతికి మంచంలో కన్ను మూసిన అవ్వకూ అదే. ప్రకటన గ్రంథంలో ఈ వాక్యం స్ముర్న అనే ఊరి సంఘానికి రాసింది. ఆ స్ముర్న ఊళ్ళోనే, సుమారు క్రీ.శ. 155లో, ముసలి బిషప్పు పొలికార్పును స్టేడియంలోకి తెచ్చి క్రీస్తును దూషించు, వదిలేస్తాం అన్నారు. ఆయన చెప్పిన జవాబును క్రైస్తవ లోకం ఇప్పటికీ మరచిపోలేదు. ఎనభై ఆరేళ్ళుగా నేను ఆయనకు సేవ చేస్తున్నాను, ఆయన నాకు ఏ కీడూ చేయలేదు, నా రాజును ఎలా దూషించను అన్నాడు. ఆ జవాబులో ఆయన చావు మాటే ఎత్తలేదు, ఎనభై ఆరేళ్ళ సేవ గురించే చెప్పాడు. ఆయన్ను కాల్చిన మంట ఒక్క పూటది, దాని వెనక ఎనభై ఆరేళ్ళున్నాయి. హతసాక్షుల గురించి ప్రసంగం చేసేవాళ్ళు మంటల దగ్గరే ఎక్కువసేపు నిలబడిపోవడం నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

ఇక మన జిల్లా. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు, పొదిలి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోనివే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. పదమూడేళ్ళు గడిచినా పట్టుమని పదిమంది చేరలేదని 1853లో అమెరికాలో మిషన్ సభ ఈ కేంద్రాన్ని మూసేయాలా అని చర్చించింది. పటం మీద ఒంటరిగా ఉన్న ఈ ఒక్క చుక్కకు "ఒంటరి నక్షత్రం" అన్న పేరు ఆ చర్చలోనే వచ్చింది. మూయలేదు. ఆ తరవాత 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు మోకరించారు. మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నరసు అనే తెలుగు బోధకుడు, రూతు, జూలియా. ఐదుగురిలో ముగ్గురు తెలుగువాళ్ళు. ఇప్పుడు దాన్ని ప్రార్థన కొండ అంటున్నాం. దొరగారి పేరు గుర్తున్నంతగా ఆ ముగ్గురి పేర్లు మన సంఘాల్లోనే గుర్తు లేవు.

1866లో అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. అదే సంవత్సరం పొదిలి వైపు తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు. అంతకుముందు యోగుల దగ్గర శిష్యరికం చేసి, దేవుడి కోసం వెతికి వెతికి వచ్చినవాడు. ఆయన చెప్పగా విని, 1867 జనవరిలో ఆ ఊరి దగ్గర 28 మంది బాప్తిస్మం పొందారు. దొర అక్కడికి వెళ్ళేసరికే వాళ్ళు సిద్ధంగా కూర్చుని ఉన్నారు.

చేరినవాళ్ళకు చెప్పిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పుడు చదివితే ఏదో మామూలు నియమాల్లా కనిపిస్తాయి. ఆనాటి పల్లెలో ఒక్కొక్కటీ ఊరి కట్టుబాటు మీద దెబ్బే. మాదిగ ఇంటివాడు రైతుకు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు బొక్కెన కట్టాలి, కోతలకు పిలవగానే వెళ్ళాలి. జాతరకు డప్పు కొట్టాలి. ప్రతిఫలం కొలిచి పెట్టే గింజలు, చచ్చిన గొడ్డు. ఆదివారం రానంటే కోతల్లో ఆ ఇంటికి పని లేదు. గొడ్డు మాంసం వద్దంటే ఆ వారం పొయ్యి మీదికి ఏమీ లేదు. డప్పు కొట్టనంటే ఊరి దేవతను అవమానించినట్టే.

ఊరు ఊరుకోలేదు. కరణం, మునసబు, పెద్దరైతులు కలిసి బావి మూసేశారు. పొలాల గట్ల మీద నడవనివ్వలేదు. సరుకులు అమ్మవద్దని కోమటికి చెప్పారు. దొంగతనం కేసులు పెట్టించారు. క్లౌ కలెక్టరుకు అర్జీలు పెట్టి కొన్నిచోట్ల ఊరట తెచ్చాడు, కానీ అర్జీ వెళ్ళి వచ్చేలోగా కుండలో నీళ్ళు కావాలి కదా. రెండు మైళ్ళవతల చెలమ తవ్వుకుని, గుడ్డలో వడకట్టి తెచ్చుకున్న నీళ్ళతో పిల్లలను బతికించుకున్న ఆడవాళ్ళను తలచుకోండి. ఒక్కసారి గుడి ముందుకు వెళ్ళి డప్పు వాయిస్తే అన్నీ సర్దుకునేవి. చాలామంది వాయించలేదు. ఆ పల్లె కాపరి అడిగింది ఈ సంగతే.

తరవాత 1876-78 కరువు. దాన్ని ఇప్పటికీ ధాత కరువు అంటారు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడి తట్టలు లెక్కపెట్టారు. కలరా తగిలిన శిబిరంలోనే ఉండి, సాయంత్రం తవ్విన మట్టి గుట్టల మీద కూర్చుని బోధించారు. వాళ్ళు అక్కడి నుంచి పారిపోలేదు, నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది అదే. అన్నం కోసం మతం మారారన్న నింద రాకూడదని, కూలి ఇస్తున్నన్నాళ్ళూ, సుమారు 15 నెలలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆగిన తరవాత కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలసినప్పుడు మిగతావాళ్ళు దిగి, బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకెను మనం గొప్పగా చెప్పుకుంటాం. దాని ముందున్న పదేళ్ళ బావి కథ చెప్పకుండా ఈ అంకె చెప్పడం సరి కాదు.

ప్రాణాలే పోయిన కథలు వేరేచోట్ల ఉన్నాయి. తిరువాన్కూరు రాజాస్థానంలో ఉద్యోగి దేవసహాయం పిళ్ళై క్రైస్తవుడై, కులం పట్టింపు వదిలి అందరితో కలిసినందుకు ఏళ్ళ తరబడి హింస పడి 1752 జనవరి 14న తుపాకీ గుండ్లకు చనిపోయాడు. కేథలిక్ సభ 2022లో ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది. ఒడిశా మనోహర్‌పూర్‌లో 1999 జనవరి 22 రాత్రి, కుష్ఠురోగులకు సేవ చేస్తూ వచ్చిన గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులైన పదేళ్ళ ఫిలిప్‌ను, ఆరేళ్ళ తిమోతిని జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ క్షమించానని చెప్పి, ఆ సేవను కొనసాగించింది.

మరి కారంచేడు? 1985 జులై 17న, అప్పట్లో ప్రకాశం జిల్లాలోనే ఉన్న ఆ ఊళ్ళో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే. చనిపోయినవారిలో బైబిలు పేర్లున్నాయి. వాళ్ళను హతసాక్షులనాలని కొందరు అంటారు. నేను అనను. వాళ్ళను చంపింది విశ్వాసాన్ని చూసి కాదు, కులాన్ని చూసి. చీరాలలో వాళ్ళను అమరవీరులు అంటారు, ఆ మాటే వాళ్ళది. కానీ 1867లో మూసిన బావికీ 1985లో మురికి చేసిన చెరువుకీ మధ్య ఉన్న దారి తెలియకుండా మన జిల్లా క్రైస్తవ చరిత్ర చెప్పలేం.

ఈ లెక్క ఇంకా తేలలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సిలోకి వెళ్తారు. అందుకే మా ఊళ్ళలో ఆదివారం ముందు వరసలో కూర్చునే ఇళ్ళల్లోనూ పిల్లల ధ్రువపత్రాల మీద మతం గడి మాటెత్తితే గొంతులు తగ్గుతాయి. హాస్టల్ సీటు, ఫీజు, ఉద్యోగం అన్నీ ఆ ఒక్క గడి మీద ఉన్నాయి. వాళ్ళను విశ్వాసం లేనివాళ్ళని నిందించేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. సాక్ష్యానికి ఇంత ధర కట్టింది చట్టం, పేదవాళ్ళు కాదు.

ఆ ఆదివారం కుర్రాడు ఇంకా నిలబడే ఉన్నాడు. వాళ్ళ నాయనమ్మ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ, "మా మామగారి డప్పు అటక మీదే ఉండేదిరా, ఎలుకలు కొట్టేశాయి" అంది. కాపరిగారు నవ్వి, చాపలు మూలన పెట్టి, వచ్చే శనివారం కుర్రాళ్ళను మద్దిపాడు మీదుగా వెల్లంపల్లి రేవుకు తీసుకెళ్తానని, రావాలనుకునేవాళ్ళు సైకిళ్ళకు గాలి కొట్టించుకోవాలని చెప్పారు.