ఇరాన్ స్త్రీల పోరాటం: నేను తరచూ వినే కొన్ని అపోహలు

స్త్రీలకు సంబంధించిన చట్టాల మీద క్లాసులు చెబుతుంటాను. ఇరాన్ మాట వస్తే చాలు, అందరూ 2022లో మహ్సా అమీనీ మరణం తర్వాత హిజాబ్ మీద జరిగిన నిరసనల గురించే అడుగుతారు. నేను మాత్రం నూషీన్ అహ్మదీ ఖొరాసానీతో మొదలుపెడతాను. రచయిత్రి, పరిశోధకురాలు, పత్రికా సంపాదకురాలు. జైలు శిక్ష కూడా పడ్డ మనిషి.

అపోహ: గొడవంతా హిజాబ్ గురించే.

హిజాబ్ చిన్న విషయమేమీ కాదు. కానీ ఆడవాళ్లను కోర్టుల చుట్టూ తిప్పేది సివిల్ కోడ్. విడాకులివ్వడం భర్త చేతిలో పని, భార్యకు కావాలంటే కారణాలు రుజువు చేసుకోవాలి. కూతురికి కొడుకు వాటాలో సగమే. ఆడపిల్లకు 13 ఏళ్లకే పెళ్లి చేసేయొచ్చు. వీటిని మార్చాలని 2006 జూన్ 12న టెహ్రాన్‌లోని హఫ్తె తీర్ కూడలిలో గుమిగూడినవాళ్లను పోలీసులు కొట్టి, డెబ్బై మంది దాకా అరెస్ట్ చేశారు. కూడలిలో నిలబడనివ్వకపోతే ఇంటింటికీ వెళ్దామనుకున్నారు. ఆ ఆగస్టులోనే నూషీన్, జర్నలిస్టు పర్వీన్ అర్దలాన్ తదితరులు ఈ చట్టాలు మార్చాలంటూ పది లక్షల సంతకాల ఉద్యమం మొదలుపెట్టారు.

పని తీరు చూడండి. వాలంటీర్‌కు ముందు చట్టం నేర్పేవాళ్లు. తర్వాత ఆమె బస్సుల్లో, పార్కుల్లో, బ్యూటీ పార్లర్లలో ఒక్కొక్కరితో మాట కలిపి, ఈ చట్టాలు ఆడవాళ్ల బతుకుల్ని ఏం చేస్తున్నాయో చెప్పే చిన్న పుస్తకం చేతిలో పెట్టేది. సంతకం పెట్టకపోయినా సరే, మాట్లాడటమైతే జరిగింది కదా! నా లెక్కలో అసలు పని అదే.

అపోహ: ఇదంతా పాశ్చాత్యుల దగ్గర నేర్చుకున్నది, మతానికి వ్యతిరేకం.

సంతకాల ఆలోచన వచ్చింది మొరాకో నుంచి. అక్కడి స్త్రీలు 1992లోనే ఆ పని చేశారు. ఇక ఇరాన్‌లో చూస్తే, 1919లోనే ఇస్ఫహాన్‌లో సెదీఖే దౌలతాబాదీ స్త్రీల కోసం 'జబానె జనాన్' పత్రిక నడిపింది. తమ డిమాండ్లు ఇస్లాంకు విరుద్ధం కావని ఉద్యమ పత్రంలోనే రాసుకున్నారు. ఎవరినైనా చంపితే చెల్లించే పరిహారం స్త్రీ ప్రాణానికీ పురుషుడి ప్రాణానికీ సమానమేనని షియా మతవిద్యా కేంద్రమైన ఖోమ్‌లోని పెద్ద మతగురువు ఆయతుల్లా యూసుఫ్ సానెయీ కూడా అన్నాడు.

అపోహ: షా కాలంలో ఆడవాళ్లకు అన్నీ ఉండేవి.

షా అంటే 1979 విప్లవానికి ముందు ఇరాన్‌ను ఏలిన రాజు. ఈ మాటకు సాక్ష్యంగా పొట్టి గౌన్ల ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. 1963లో ఓటు హక్కు, 1967లో కుటుంబ రక్షణ చట్టం వచ్చిన మాట నిజమే. విప్లవం తర్వాత ఆ చట్టాన్ని పక్కన పెట్టిందీ నిజమే. అయితే నూషీన్, పర్వీన్ కలిసి తొలి మహిళా సెనేటర్లలో ఒకరైన మెహ్రంగీజ్ మనూచెహ్రియాన్ జీవితం మీద పరిశోధించి 'సెనేటర్' అనే పుస్తకం రాశారు. భర్త అనుమతి ఉంటేనే భార్య పాస్‌పోర్ట్ మీద దేశం దాటాలన్న నిబంధనపై మెహ్రంగీజ్ పోట్లాడింది షా హయాంలోనే. ఆ నిబంధన ఇప్పటికీ ఉంది. 2015లో ఫుట్‌బాల్ క్రీడాకారిణి నీలూఫర్ అర్దలాన్ భర్త సంతకం పెట్టకపోవడంతో మలేషియాలో ఆసియా ఫుట్సాల్ (ఇండోర్ ఫుట్‌బాల్) పోటీలకు వెళ్లలేకపోయింది.

అపోహ: పది లక్షలు రాలేదు కాబట్టి ఉద్యమం ఫెయిలయింది.

అన్ని సంతకాలు రాలేదు, నిజమే. కానీ 2008లో మొదటి భార్య ఒప్పుకోకపోయినా రెండో పెళ్లికి దారిచ్చే బిల్లు పార్లమెంటుకు వస్తే, స్త్రీలు నేరుగా వెళ్లి ఎంపీలను నిలదీశారు. బిల్లు వెనక్కి వెళ్లింది. క్రెడిట్ మొత్తం సంతకాలకే కట్టబెట్టను, వేరే సంఘాలూ ఉన్నాయి. 2009లో వారసత్వ చట్టం కాస్త మారింది. అంతకుముందు భర్త పోతే వితంతువుకు స్థిరాస్తిలో భవనాల, చెట్ల విలువలో మాత్రమే వాటా ఉండేది. ఇప్పుడు నేల విలువలోనూ వస్తుంది. పిల్లలుంటే ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు.