మూడు మిల్లీమీటర్ల పలక

గిటారు ముందు పలక మందం మూడు మిల్లీమీటర్లకు మించదు. చాలాసార్లు అంత కూడా ఉండదు. దాని మీద ఆరు ఉక్కు తీగలు ఎక్కించి శ్రుతి చేస్తే, లైట్ సెట్ అనే మామూలు సన్న రకం తీగలే అన్నీ కలిసి 70 కిలోలకు పైగా లాగుతాయి. ఒక నిండు మనిషి బరువు ఆ పలచటి చెక్క మీద రాత్రీపగలూ, ఏళ్ళ తరబడి పడుతూనే ఉంటుందన్నమాట. పలకను ఇంకాస్త దళసరిగా ఉంచితే ఈ బెంగ ఉండదు. కానీ అప్పుడది మోగదు. మరీ పలచన చేస్తే బాగా మోగుతుంది, కొన్నాళ్ళకు తీగల కింది కొసలు బిగించే బ్రిడ్జి దగ్గర ఉబ్బి కుంగిపోతుంది. చేత్తో గిటారు చేసేవాళ్ళు తిప్పలు పడేదంతా ఈ రెండిటి మధ్యనే.

"ఏం కర్రతో చేశారు?" అన్నది గిటారు చూసిన ప్రతివాళ్ళూ మొదట అడిగే ప్రశ్న. విశాఖపట్నంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నేను ఇప్పటికి రెండు గిటార్లు చేశాను, మూడోది సగంలో ఉంది. మొదట్లో నేనూ అదే అడిగేవాణ్ణి. ఇప్పుడు ఎవరు చేసిన గిటారు చేతిలోకి తీసుకున్నా నాకు తెలుసుకోవాలనిపించేది వేరు. పలకను ఎక్కడ ఎంత పలచన చేశారు? ఎక్కడ చెయ్యి ఆపారు?

ముందు పలకకు ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది స్ప్రూస్. చలి ప్రాంతాల్లో నిదానంగా పెరిగే చెట్టు. ఉత్తర అమెరికా పడమటి తీరాన అలాస్కా దాకా పెరిగే సిట్కా స్ప్రూస్‌కు, యూరప్ కొండల స్ప్రూస్‌కు ఈ పనిలో మంచి పేరుంది. సిట్కా ఘనమీటరు 400 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, నీళ్ళ బరువులో సగం కూడా లేదు. అయినా దాని నార వెంబడి శబ్దం సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు పోతుంది. ఉక్కు కడ్డీలో పోయే వేగం కూడా దాదాపు అంతే. ఇంత తేలిక, ఇంత బిగువు ఒకే కర్రలో దొరకడం అరుదు. తీగ ఇచ్చే శక్తి చాలా కొంచెం. పలక బరువైతే ఆ కాస్తా దాన్ని కదిలించడానికే సరిపోతుంది, గాలిని కదిలించడానికి మిగలదు.

అయితే ఈ బిగువంతా నార వెంబడే. అడ్డంగా చూస్తే అందులో పదో వంతు కూడా ఉండదు. అందుకే దుంగను ఎటుపడితే అటు కోయరు. పుచ్చకాయ ముక్కలు కోసినట్టు నడిమి నుంచి బయటికి చీలుస్తారు. అలా తీసిన పలక అంచు చూస్తే చెట్టు వయసు గీతలు వరసగా నిటారుగా నిలబడి ఉంటాయి. తడి ఆరినప్పుడు ఇలా కోసిన పలక వెడల్పు తగ్గేది, మామూలుగా కోసిన పలకతో పోలిస్తే సుమారు సగమే. ఒకే ముక్కను మధ్యకు చీల్చి, పుస్తకం తెరిచినట్టు రెండు రేకులూ పక్కపక్కన పరిచి అతికిస్తారు. ఎడమ సగం, కుడి సగం కవలల్లా ఉంటాయి.

ఆ అతుకు దగ్గరే పనిముట్ల సంగతి మొదలవుతుంది. రెండు రేకుల అంచులూ చిత్రిక పట్టి, ఒకదానికొకటి ఆనించి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూడాలి. మధ్యలో వెంట్రుకంత వెలుగు గీత కనిపించినా మళ్ళీ చిత్రిక పట్టాల్సిందే. జిగురు ఆ సందును నింపుతుంది కానీ నిలబెట్టదు. నా మొదటి పలకకు ఈ పని రెండు సాయంత్రాలు పట్టింది. మా వీధి చివర పాత వడ్రంగి ఒకాయన వచ్చి నా చిత్రిక ఆకును బొటనవేలితో తడిమి, "పదును లేదు బాబూ, అందుకే నువ్వు తోస్తున్నావు. ఇది దానంతటది పోవాలి" అన్నారు. సానరాయి మీద ఎలా నూరాలో ఆయనే కూర్చుని చూపించారు. ఆ తర్వాత చిత్రిక నుంచి లేచిన పొట్టు ఉల్లిపొరలా, అవతల ఉన్న వేలు కనిపించేంత పలచగా వచ్చింది. అతుకు పావుగంటలో కుదిరింది. ఖరీదైన యంత్రం కొనాలనుకునేవాళ్ళకు నేను ముందు మంచి సానరాయి కొనుక్కోమని చెబుతాను. ఒక చిత్రిక, రెండు మూడు ఉలులు, అంచుకు సన్నటి కొక్కెం తీసిన ఉక్కు రేకు గీకుడు, మందం కొలిచే డయల్ గేజ్, సన్నపళ్ళ రంపం ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

అతికిన పలకను పలచన చేయడమే అసలు ఘట్టం. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం కదా, సరిగ్గా అలాగే. పలకను పైఅంచు నుంచి పావు వంతు కిందకు రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని మధ్యలో వేలి కణుపుతో తట్టాలి. అడ్డదిడ్డమైన చోట పట్టుకుంటే మన వేళ్ళే మోతను చంపేస్తాయి. ఆ పావు వంతు దగ్గర పలక కదలిక దాదాపు సున్నా, అందుకని అక్కడ పట్టుకుంటాం. దళసరిగా ఉన్నప్పుడు 'టక్' మంటుంది. పలచబడేకొద్దీ స్వరం దిగుతూ, మోత సాగుతూ వస్తుంది. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. పలక బిగువు మందానికి ఘనంగా మారుతుంది. మూడు మిల్లీమీటర్ల పలకను 2.7కి తెస్తే మందం తగ్గింది పదో వంతే, బిగువు తగ్గేది మాత్రం 27 శాతం. చివరి నాలుగు గీకుళ్ళ దగ్గర చెయ్యి వణకడానికి కారణం ఇదే. తీసిన పొట్టును తిరిగి అతికించలేం.

పలచన చేసిన పలకకు లోపలి వైపు ఊత పట్టీలు అతికిస్తారు. జర్మనీలో పుట్టి 1833లో న్యూయార్క్ చేరి, తర్వాత పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో స్థిరపడిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ కొట్లో, 1840లలో రెండు పట్టీలను ఇంటూ గుర్తులా దాటించే పద్ధతి రూపుదిద్దుకుంది. అప్పటికి తీగలు పేగువి. ఉక్కు తీగలు తర్వాత వచ్చినా ఆ ఇంటూ గుర్తు వాటి లాగుడునూ తట్టుకుంది, ఈనాటికీ ఉక్కు తీగల గిటార్లు చాలావరకు దాని మీదే నిలబడి ఉన్నాయి.

పలకే ప్రాణమని తేల్చడానికి స్పెయిన్‌లో ఒకాయన చేసిన పని నాకు ఎంతో ఇష్టం. ఆంటోనియో దె టోరెస్ వడ్రంగం నేర్చుకుని వాద్యాల పనిలోకి వచ్చినవాడు. ఈనాటి క్లాసికల్ గిటారు ఆకారం, పలక లోపల విసనకర్ర పుల్లల్లా పరుచుకునే పట్టీల అమరిక ఆయన చేతిలోనే కుదురుకున్నాయి. 1862లో ఆయన ఒక గిటారు చేశాడు. ముందు పలక స్ప్రూస్, పక్కలూ వెనకా మాత్రం కాగితపు గుజ్జు అట్ట! అది బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. వెనక కర్ర ఏదన్నది రెండో మాట అని నోటితో వాదించకుండా చేసి చూపించాడు.

దాదాపు ఒకటిన్నర శతాబ్దం తర్వాత ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు ఇదే ప్రశ్న ఇంకో రకంగా అడిగారు. ఒకే చేతి పనితనం, ఒకే కొలతలు, ఒకే రకం సిట్కా పలకలతో ఆరు గిటార్లు చేయించారు. వెనకా పక్కలూ మాత్రం ఒక్కోదానికి ఒక్కో కర్ర. బ్రెజిల్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలీ, వాల్‌నట్. మసక వెలుతురు గదిలో, వెల్డింగు కళ్ళద్దాలు పెట్టించి 52 మంది గిటారిస్టులతో వాయించారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం, అన్నిటికంటే ఖరీదైన కర్రకూ చవకైన కర్రకూ వాళ్ళిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇండియన్ రోజ్‌వుడ్ అంటే మన అడవుల్లోనూ ఉండే జిట్రేగి. కొన్నిచోట్ల ఇరుగుడు అంటారు. చేవ ఊదా, గోధుమ రంగులు కలిసి, చిత్రిక పట్టినప్పుడు గులాబీ వాసన వేస్తుంది. 1960లలో బ్రెజిల్ తమ రోజ్‌వుడ్ దుంగల ఎగుమతి ఆపేయడంతో మార్టిన్ కంపెనీ 1969లో ఇండియన్ రోజ్‌వుడ్‌కు మళ్ళింది. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ మీద అంతర్జాతీయ వ్యాపార నిషేధం వచ్చింది. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతి చెట్లన్నీ, మన జిట్రేగితో సహా, అరుదైన మొక్కలూ జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద అనుమతుల జాబితాలో చేరాయి. తయారైన వాద్యాలకు 2019లో సడలింపు దొరికింది. జిట్రేగి చెట్టు మాత్రం ఈ రోజుకీ అంతరించే ముప్పున్న జాబితాలోనే ఉంది. టోరెస్ అట్ట గిటారు, ఆ 52 మంది తీర్పు చదివాక నా మూడో గిటారు వెనక పలకకు కూల్చిన పాత ఇంటి టేకు ద్వారబంధం తీసుకున్నాను. ఎన్నో ఏళ్ళు ఎండిన కర్ర. దాని కోసం ఏ చెట్టూ పడలేదు.

ఇక జిగ్‌ల సంగతి. జిగ్ అంటే చేతికి బదులు ఆకారాన్ని పట్టి ఉంచే అచ్చు, దిమ్మ, చట్రం, ఏదైనా కావచ్చు. పక్క పట్టీ రెండు మిల్లీమీటర్ల మందం. దాన్ని తడిపి, నీటి చుక్క పడితే చుయ్యిమనే ఇనప గొట్టం మీద ఆనించి నెమ్మదిగా వంచుతాం. కాసేపు మొండికేస్తుంది, తర్వాత ఒక్కసారిగా మెత్తబడి చేతికి లొంగుతుంది. కర్రలో నారల్ని పట్టి ఉంచే లిగ్నిన్ ఆ వేడికి మెత్తబడే క్షణం అది. ఆ లొంగుబాటుకు ముందే తొందరపడి తోస్తే నడుము వంపు దగ్గర ఫట్‌మంటుంది. వంచింది చల్లారేలోపు ప్లైవుడ్ అచ్చులో బిగించకపోతే మళ్ళీ తన దారి తాను చూసుకుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన జిగ్ గో-బార్ డెక్. పైనొక చెక్క, కిందొక చెక్క, నాలుగు మూలలా నిలువు కడ్డీలు, అంతే. మధ్యలో పలక పెట్టి, జిగురు రాసిన ఊత పట్టీల మీద సన్నటి బద్దల్ని విల్లులా వంచి పైచెక్కకు తన్నిపెడతాం. ఒక్కో బద్ద, బిగించి పట్టే ఒక్కో క్లాంప్ పని చేస్తుంది. ఇరవై ముప్పై క్లాంపులు కొనే డబ్బు మిగిలింది. పలక కింద ఉండేది చదును బల్ల కాదు, సుమారు 8 మీటర్ల వ్యాసార్ధంతో తవ్విన లోతు తక్కువ పళ్ళెం. 400 మిల్లీమీటర్ల వెడల్పు పలకకు ఆ పళ్ళెం వల్ల మధ్యలో వచ్చే ఉబ్బు రెండున్నర మిల్లీమీటర్లే. ఈ కొంచెం ఉబ్బు ఎంత ముఖ్యమో నాకు తర్వాత తెలిసింది.

ఫ్రెట్లు, అంటే మెట్లు, అచ్చంగా లెక్క మీద నడిచే పని. తీగ మోగే పొడవు 650 మిల్లీమీటర్లు అనుకుందాం. దాన్ని 17.817తో భాగిస్తే 36.48, తీగ మొదలయ్యే పైఅంచు నుంచి అంత దూరంలో మొదటి మెట్టు. మిగిలిన పొడవును మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా పోతే పన్నెండో మెట్టు సరిగ్గా సగానికి, 325 దగ్గర పడుతుంది. 16వ శతాబ్దంలో ల్యూట్ వాద్యకారుడు విన్సెంజో గలిలేయి, గెలీలియో తండ్రి, ఈ అంకెను 18గా తీసుకోమన్నాడు. దాని ప్రకారం పన్నెండో మెట్టు రెండు మిల్లీమీటర్లకు పైగా వెనకబడుతుంది. తీగను నొక్కితే అది కాస్త సాగి స్వరం పెరుగుతుంది కాబట్టి ఆ తేడా కొంత కప్పుకుపోయేది. కొలిచేటప్పుడు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు కొలవకూడదు, అన్నీ ఆ పైఅంచు నుంచే కొలవాలి. లేకపోతే చిన్న చిన్న తప్పులన్నీ పోగై చివరికి పెద్దవవుతాయి. అందుకే గాట్లు ముందే కోసిన లోహపు పట్టీ ఒకటి జిగ్‌గా వాడతాం. గాటులో పిన్ను కూర్చుంటే రంపం ఇక దారి తప్పదు.

ఇక్కడ నాకు బొబ్బిలి వీణ గుర్తొస్తుంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస దుంగ నుంచి ఒకే ముక్కగా తొలిచే ఏకాండి వీణ, పలచటి రేకులు అతికించి కట్టే గిటారుకు పూర్తిగా ఎదురు పద్ధతి. దాని 24 మెట్లను మైనం మీద నిలబెట్టి, తీగ మీటి వింటూ అటూ ఇటూ జరిపి కుదురుస్తారు. అక్కడ కొలబద్ద చెవి. మైనం కాబట్టి తర్వాతైనా సర్దుకోవచ్చు. గిటారులో 0.6 మిల్లీమీటర్ల గాటు ఒక్కసారి పడితే అదే శాశ్వతం.

నా మొదటి గిటారు ఆగస్టులో అతికించాను. విశాఖలో వానాకాలం, గాలిలో తేమ 80 శాతం దగ్గర. ఆ తేమలో కర్ర తన బరువులో సుమారు 16 శాతం నీళ్ళు పట్టుకుని ఉంటుంది. తర్వాతి ఏప్రిల్‌లో మా తమ్ముడు దాన్ని హైదరాబాద్ తీసుకెళ్ళాడు. మండుటెండలు, పైగా ఏసీ గది. అక్కడి గాలికి కర్రలో తేమ ఆరేడు శాతానికి దిగుతుంది. 400 మిల్లీమీటర్ల స్ప్రూస్ పలకను దాని మానాన వదిలేస్తే ఈ మార్పుకు ఐదు మిల్లీమీటర్ల దాకా ముడుచుకుంటుంది. కానీ అడ్డంగా అతికిన ఊత పట్టీల్లో నార వాటి పొడవు వెంబడే ఉంటుంది, అటు అవి ముడుచుకోవు. ఆ మొదటి పలకను నేను పళ్ళెం లేకుండా చదును బల్ల మీదే కట్టాను. ఉబ్బు ఉంటే ముడుచుకున్నప్పుడు అది కొంత అణిగి ఊరుకునేది. చదును పలకకు అణగడానికి చోటేదీ లేదు. రెండో వారం రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఏదో విరిగినట్టు చప్పుడైంది" అన్నాడు. బ్రిడ్జి నుంచి కిందకు జానెడు పగులు.

అప్పటి నుంచి షెడ్డులో ఒక మూల చిన్న గదిలా కట్టి తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉంచుతున్నాను. తేమ మీటరు ఇంకా ఎక్కువ చూపిస్తే ఆ రోజు జిగురు డబ్బా తెరవను. కొత్త కర్రలు కొన్ని నెలలు అక్కడే ఎండాలి.

పగులు బాగు చేయడానికి అదే పలక నుంచి మిగిలిన తునక పనికొచ్చింది. దాన్ని అగ్గిపుల్ల కంటే సన్నంగా, ఒక అంచు వాలుగా చెక్కి పగులులో దింపాను. అతికించింది పశువుల తోలు, ఎముకల నుంచి తీసే వేడి జిగురుతో. మన వడ్రంగులు వజ్రం అనేది దాన్నే. ఎప్పుడైనా మళ్ళీ విప్పాల్సి వస్తే వేడికీ తడికీ ఊడి వస్తుందని దాన్నే ఎంచుకున్నాను. లోపలి వైపు నార అడ్డంగా ఉండేలా గోరంత బిళ్ళలు నాలుగు అతికించాను. తమ్ముడు ఇప్పుడు దాన్ని రోజూ వాయిస్తున్నాడు. వెలుతురు పక్కగా పడితే ఆ పుల్ల అతికిన గీత కనిపిస్తుంది. గిటారు పెట్టెలో పెట్టిన, గాలికి తేమనిచ్చే సంచి ఎండిపోయిందేమో ఆదివారం ఆదివారం చూస్తాడు.